బై తర్వాత

ఫిబ్రవరి 12, 1996

ఈ ఏడాది మా పీహెచ్‌డీ గైడ్ జగన్నాథరావుకు జన్యువుల పిచ్చి పట్టింది. గారు అని ఇక్కడ రాయనక్కర్లేదు, ఇది నా డైరీ. నిరుడు లోహాలు చల్లారే పద్ధతి. అంతకు ముందటేడు మెదడులోని నరాలు. ఆప్టిమైజేషన్ అంటే ఒకప్పుడు లెక్క. షరతులన్నీ రాసుకుని, అన్నింటికన్నా మంచి జవాబు ఇదే, ఇంతకన్నా మంచిది ఉండదు అని రుజువు చేసి పెన్ను మూసేవాళ్లం. ఇప్పుడు అది జూపార్కు అయింది. వచ్చే ఏడాది చీమలు వస్తాయట. విదేశాల్లో ఎవరో చీమల బారు చూసి దారులు వెతికే లెక్క కనిపెట్టారని సెమినార్‌లో మురిసిపోయాడు.

సెమినార్ ఇచ్చింది ఫణీంద్ర. ఇరవై నాలుగేళ్లు. ఆగస్టులో రీసెర్చ్ స్కాలర్‌గా చేరాడు. ఇరవై రెండు ప్రొజెక్టర్ ట్రాన్స్‌పరెన్సీలు, మూడు రంగుల స్కెచ్ పెన్నులు. వంద తప్పుడు జవాబులు తీసుకుని వాటికి పెళ్లిళ్లు చేసి పిల్లల్ని పుట్టిస్తే, బలహీనమైనవి పోయి బలమైనవి మిగిలి, చివరికి మంచి జవాబు పుడుతుందట. ఎంత మంచిది, అసలైన దానికి ఎంత దూరంలో ఉంది అని అడిగాను. గది తెల్వదు గానీ బాగుంటదక్కా అన్నాడు. అందరూ నవ్వారు. జగన్నాథరావు ఎక్కువ నవ్వాడు.

నేను వాడికి అక్కను కాను. నారాయణగూడలో కాలేజీ లెక్చరర్‌ని. పదకొండేళ్లుగా ఆపరేషన్స్ రీసెర్చ్ చెప్తున్నాను. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరి ఏడేళ్లయింది. మే 15 ఆఖరి గడువు, ఇక పొడిగించేది లేదని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. ఆ కాగితం మీద నా పేరు సంయుక్తకు బదులు సంయుక్తరావు అని ఉంది.

పని మాత్రం మంచిదే. ఎండాకాలం వస్తే చిక్కడపల్లి, అశోక్ నగర్, దోమలగూడలో నీళ్ల ట్యాంకర్లు తిరుగుతాయి. మొత్తం పదకొండు. ఏ ట్యాంకర్ ఏ వీధులకు ఏ వరుసలో పోతే తక్కువ కిలోమీటర్లలో అందరికీ నీళ్లు అందుతాయి అన్నది సమస్య. నా థీసిస్‌లో ఆఖరి రెండు చాప్టర్లు దీని మీదే. దీన్ని నేను రుజువుతో చేయాలనుకుంటే, జగన్నాథరావు జన్యువులతో చేయించమని ఫణీంద్రకు అప్పజెప్పాడు. ఇద్దరం ఒకే డేటా మీద పని చేయాలి. డేటా పని మాత్రం నాకు. ఆడవాళ్లకు ఓపిక ఎక్కువ గదమ్మా అన్నాడు.

ఫిబ్రవరి 20

నీళ్ల ఆఫీసు ఇంజినీర్ వీరరాఘవరావు ఇచ్చిన రిజిస్టర్లు టైపు చేయడం ఇవాళ్టికి పూర్తయింది. 3418 వరుసలు. ప్రతి వరుసలో ఒక ఇంటి నంబర్. గుమస్తా చేతిరాత చూస్తే కోడి కాళ్లకు సిరా పూసి పేజీ మీద వదిలినట్టుంది.

అందులో సగానికి సగం బై నంబర్లు. ఒక నంబర్ రాసి, పక్కన ఏటవాలు గీత గీసి, బై ఒకటి, బై రెండు, బై మూడు బై ఏ. తోక వెంట తోక. మా నాన్న శ్రీపతికి డెబ్బై ఒక్కేళ్లు. మా ఇల్లు 1-1-540. మా నంబర్‌లో బై లేదు అని కొత్తగా పరిచయమైన వాళ్లకు అడక్కుండానే చెప్తాడు. బై ఉందంటే అన్నదమ్ములు పోట్లాడుకుని మధ్యలో గోడ కట్టుకున్నారని అర్థం, లేదా పోర్షన్లు చేసి కిరాయికిచ్చారని అర్థం. మా వీధిలో బై అన్న ప్రతి చోటా ఒకటే కాంపౌండ్, ఒకటే గేటు, ఒకటే నీళ్ల సంపు. ట్యాంకర్ వాడు పైపు ఒక్కసారి పెడితే చాలు. రిజిస్టర్ రాసిన వాడికి అది తెలియదు. ఒకే సంపును అయిదిళ్లుగా రాసుకున్నాడు.

ప్రోగ్రామ్‌లో పదకొండు లైన్లు రాశాను. గీత తర్వాత ఉన్నదంతా కొట్టేయి, అదే నంబర్ మళ్లీ వస్తే తీసేయి. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. 3418 ఇళ్లు 1907 అయ్యాయి.

ఫణీంద్ర వెనక నిలబడి చూసి, తీసేయొచ్చా అక్కా అని అడిగాడు. డేటా శుభ్రం చేయడం నేర్చుకో అన్నాను. నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నేనేం చెప్పినా రాసుకుంటాడు, అదొక రోగం.

మార్చి 3

నా పద్ధతిలో సమస్యను కొమ్మలుగా చీల్చుకుంటూ పోవాలి. ఏ కొమ్మలో మంచి జవాబు ఉండే అవకాశం లేదో రుజువు చేసి ఆ కొమ్మ నరికేయాలి. మిగిలిన చివరి కొమ్మ మీద ఉన్నదే అసలైన జవాబు. డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఒక్క 486 కంప్యూటర్ మీద నాలుగు రోజులు నడిపాను. అయిదో రోజు కరెంట్ పోయింది, దాంతో లెక్కంతా పోయింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఏడాదైందని అటెండర్ అప్పుడు చెప్పాడు.

కరెంట్ వచ్చాక ఫణీంద్ర తన జన్యువులను నడిపాడు. ఇరవై నిమిషాలు. టీ తాగి వచ్చేసరికి జవాబు.

ఇంతకన్నా తక్కువ కిలోమీటర్లు ఎవరి వల్లా కాదు అనే ఒక హద్దును రెండు రోజులు కూర్చుని చేత్తో లెక్కగట్టాను. వాడి జవాబు దానికి మూడు శాతం దూరంలో ఉంది. అంటే బాగానే ఉంది. ఈ సంగతి నేను డైరీకి తప్ప ఎవరికీ చెప్పను.

మార్చి 25

నలభై ఒక్క శాతం.

ట్యాంకర్లు ఇప్పుడు తిరుగుతున్న కిలోమీటర్లలో నలభై ఒక్క శాతం తగ్గుతాయట. పదకొండు ట్యాంకర్లు అక్కర్లేదు, ఏడు చాలట. జగన్నాథరావు డిపార్ట్‌మెంట్ అంతటికీ మిఠాయి తెప్పించాడు. వీరరాఘవరావు రెండు సార్లు ఫోన్ చేశాడు. మిగిలిన నాలుగింటిని ఊరి అటు కొసకు పంపుతాడట, అక్కడివాళ్లు రోజూ ఆఫీసు ముందర ధర్నా చేస్తున్నారట.

నలభై ఒకటి! పరిశోధన పత్రికల్లో వచ్చే పేపర్లలో ఎంత గొప్పలు చెప్పుకునే వాళ్లయినా పది, పదిహేను దగ్గర ఆగుతారు. ట్యాంకర్ డ్రైవర్లు మూర్ఖులు కారు. పదేళ్లుగా అవే గల్లీల్లో తిరుగుతున్న వాళ్లు దాదాపు రెట్టింపు తిరుగుతున్నారంటే ఎవడికైనా అనుమానం రావాలి. ఇక్కడ రాలేదు. ఎందుకు వస్తుంది, మిఠాయి నోట్లో ఉంటే.

ఫణీంద్ర ఎక్కడో తప్పు చేశాడు. లేదా అంకెలు వండాడు. అమాయకంగా కనిపించే వాళ్లే వండుతారు. వాడి కోడ్ ప్రింటవుట్ తీసుకున్నాను. మొదటి లైన్ నుంచి చూస్తాను.

మార్చి 31

ఫణీంద్ర కోడ్‌లో తప్పు దొరకలేదు. ఇంకా వెతుకుతాను.

ఏప్రిల్ 8

ఇవాళ్టి నుంచి కొత్త షెడ్యూల్. పేపర్‌లో జగన్నాథరావు ఫొటో వచ్చింది. చేయి కంప్యూటర్ మీద వేసి నిలబడ్డాడు. అది ఆన్‌లో లేదు. డార్విన్ సిద్ధాంతంతో నీటి ఎద్దడికి చెక్ అని హెడ్డింగ్. ఫణీంద్ర పేరు రెండో పేరాలో, నా పేరు ఆఖరి పేరాలో, డేటా సహకారం అన్న ముక్క పక్కన.

నాన్న పేపర్ కత్తిరించి దాచాడు. నా పేరు కింద గీత కూడా గీశాడు. ఏమాటకామాట, నాకు సంతోషంగానే అనిపించింది. అది కూడా రాసి పెడుతున్నాను.

ఏప్రిల్ 15

మాసమ్మ వరుసగా మూడో రోజు ఆలస్యం. అంట్లు పదింటి దాకా సింకులోనే. మాసమ్మ మా ఇంట్లో నాలుగేళ్లుగా పని చేస్తోంది. నాలా పక్కన బస్తీలో ఉంటుంది. మొగుడు ఈరన్న మేస్త్రీల దగ్గర కూలి. మహబూబ్‌నగర్ అవతల ఏదో ఊరు, పేరు రెండు సార్లు చెప్పింది, మర్చిపోయాను.

ఎందుకాలస్యం అంటే నీళ్లట. వారం నుంచి బండి వచ్చుడు వస్తదక్కా, ఒక్క డ్రమ్ము నింపి పోతది, ఇదివరకు నాలుగైదు బండ్లు వస్తుండె అంది. డ్రైవర్‌ను అడిగితే చీటీల గంతే ఉన్నది అంటున్నాడట.

నవ్వొచ్చింది. చీటీ ఎవరు తయారు చేశారో ఈమెకేం తెలుసు! డ్రైవర్ మిగతా నీళ్లు ఏ హోటల్‌కో అమ్ముకుంటున్నాడు, మీరంతా కలిసి ఆఫీసుకు పోయి అడగండి అన్నాను. లెక్క ప్రకారం ప్రతి ఇంటికీ రెండు వందల లీటర్లు వస్తాయి అని కూడా చెప్పాను. అవునా అక్కా అంది. వీళ్లకు అడగడం చేతకాదు. వరుసలో నిలబడడం అంతకన్నా చేతకాదు.

ఏప్రిల్ 17

మన సంపుల నుంచి రెండు బిందెలు తీస్కపోతనయ్యా అని మాసమ్మ నాన్నను అడిగింది. ఒక్కల్లకిస్తే బస్తీ బస్తీ గేటు కాడ నిలవడ్తది, వద్దు అన్నాడు నాన్న. నేను అక్కడే ఉన్నాను. అయిదో చాప్టర్ దిద్దుకుంటున్నాను. తల ఎత్తలేదు.

ఏప్రిల్ 22, ఉదయం 9

మాసమ్మ రాలేదు. ఈరన్న వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు, రమ్మన్నా రాలేదు.

నిన్న పొద్దున బస్తీ ఆడవాళ్లు నలుగురు అశోక్ నగర్‌లో వేరే వీధికి వచ్చిన ట్యాంకర్ దగ్గరికి బిందెలు పట్టుకుని పోయారట. ఇది మీ బండి కాదు అని ఆ వీధి వాళ్లు నెట్టేశారట. మాసమ్మ పడింది. కుడి చేయి విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు, రెండు నెలలు ఏ పనీ చేయొద్దన్నారు. ఈరన్న ఇదంతా కోపం లేకుండా చెప్పాడు.

డబ్బులు అడుగుతాడనుకున్నాను. అడగలేదు. మీరు సదువుకున్నోళ్లు గదక్కా, మా బస్తీకి నీళ్లు వస్తలేవని జర దరఖాస్తు రాసియ్యుండ్రి అన్నాడు. కాగితం తీసి, ఇంటి నంబర్ చెప్పు అన్నాను. నోటితో చెప్పకుండా జేబులో నుంచి చీటీ తీసి ఇచ్చాడు. ఎలక్షన్ చీటీ. పార్టీ వాళ్లు ఇంటింటికీ తిరిగి ఇచ్చినది. ఓటరు పేరు, తండ్రి పేరు. ఇంటి నంబర్ 1-1-612 గీత 47.

మీ బస్తీలో ఈ బైలు ఎన్ని అని అడిగాను. బై ఒకటి కాడికెల్లి బై నూట ఎనిమిది దాకా ఉన్నయక్కా అన్నాడు. అందరూ ఒకటే కాంపౌండా అన్నాను. కాంపౌండ్ ఏంది, గుడిసెలు గవి, ఎవల గుడిసె వాళ్లది అన్నాడు. సంపు ఉందా అని కూడా అడిగాను. ఈరన్న కాగితం చూపించి, రాయుండ్రి అక్కా అన్నాడు.

దరఖాస్తు రాసిచ్చాను. తీసుకుని మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు, ఓట్ల చీటీల వాళ్లకు దొరికినం గదక్కా, నీళ్ల బండికి ఎందుకు దొరకలె మేము?

అదే రోజు, సాయంత్రం 4

డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ లేరు. అందరూ క్రికెట్ గొడవలో ఉన్నారు.

నెల రోజులుగా ఫణీంద్ర కోడ్‌లో తప్పు వెతికాను. నాలుగు వందల లైన్లు. ప్రతి కామా చూశాను. నా పదకొండు లైన్లు ఒక్కసారి కూడా తెరవలేదు. నాది కదా.

ఇవాళ తెరిచాను. పైన కామెంట్ లైన్ ఉంది, నేనే రాశాను. రిమూవ్ జంక్ ఆఫ్టర్ స్లాష్. పక్కన నా పొడి అక్షరాలు, తేదీ 20-2-96. బై తర్వాత ఉన్నది చెత్త అని ఇంగ్లిషులో నీటుగా రాసి సంతకం పెట్టాను.

నూట ఎనిమిది గుడిసెలు నా ప్రోగ్రామ్‌లో ఒక ఇల్లు. ఒక ఇంటికి రెండు వందల లీటర్లు. ఒక్క డ్రమ్ము. డ్రైవర్ అమ్ముకోలేదు. చీటీలో ఉన్నదే పోశాడు. 612 ఒక్కటే కాదు, ఇలాంటి బస్తీలు ఇంకా ఆరు దొరికాయి. మొత్తం 1511 ఇళ్లు తీసేశాను. సగం జనానికి నీళ్లు ఎగ్గొడితే నలభై ఒక్క శాతం తగ్గక ఏమవుతుంది? దీనికి జన్యువులు కూడా అక్కర్లేదు.

ఏప్రిల్ 23

జగన్నాథరావుకు చెప్పాను. మొత్తం విన్నాడు. ఫ్యాన్ వేసుకున్నాడు. బై నంబర్ల సంగతి పేపర్ ఆఖర్న, ముందు ముందు చేయాల్సినవి రాసే ఫ్యూచర్ స్కోప్‌లో పెడదాం అన్నాడు.

జూలైలో కాన్ఫరెన్స్‌కు పేపర్ తీసుకున్నారట. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే డిపార్ట్‌మెంట్ పరువు పోతుందట. మెథడ్ కరెక్టే గదమ్మా, డేటా సంగతి ఆఫీసోళ్లు చూసుకుంటరు అన్నాడు. నేను ఇంకా నిలబడే ఉంటే, నీ థీసిస్ సుత గదే డేటా మీద ఉన్నది, మే పదిహేనుకు నా సంతకం కావాల్నా వద్దా అని మెల్లగా అడిగాడు. కాగితాల మీది నుంచి చూపు కూడా తిప్పలేదు.

మళ్లీ సరైన డేటాతో రెండు చాప్టర్లు రాయాలంటే మూడు నెలలు పడుతుంది. గడువు మూడు వారాలు. ఏడేళ్లు పోయినట్టే. నోరు మూసుకుంటే డాక్టర్ సంయుక్త.

ఆయన మీద అసహ్యం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. అది నాకు ఎప్పుడూ కష్టం కాదు. ఇవాళ కూడా వచ్చింది కానీ ఎక్కువసేపు నిలవలేదు. ఆ పదకొండు లైన్లు ఆయన రాయలేదు.

ఏప్రిల్ 24

ఫణీంద్రకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. తన నోట్‌బుక్ తీసి ఫిబ్రవరి 20 పేజీ చూశాడు. డేటా శుభ్రం చేయడం నేర్చుకో, సంయుక్తక్క, అని ఉంది. దాని పక్కన ఏమీ రాయకుండా మూసేశాడు.

3418 ఇళ్లతో మళ్లీ నడిపాం. సాయంత్రం అయిదింటికి జవాబు వచ్చింది. పదకొండు ట్యాంకర్లు కావాల్సిందే. కిలోమీటర్లు ఆరు శాతం తగ్గుతాయి.

పేపర్‌లో వచ్చిన పేరు వాడిది కూడా. ఇప్పుడు పోయేది కూడా వాడిదే. కాన్ఫరెన్స్ పేపర్ మీద మొదటి పేరు, ఫెలోషిప్ పొడిగింపు, అన్నీ ఆ నలభై ఒకటి మీద ఉన్నాయి. కానీ వాడు స్క్రీన్ చూస్తూ, ఆరు శాతమన్న నిజంగ తగ్గింది గదక్కా అన్నాడు. తప్పు వెతుకుదామని చాలాసేపు వాడి ముఖంలోకి చూశాను.

ఏప్రిల్ 26

ఇవాళ ఏమీ చేయలేదు. నల్లకుంటలో బైండింగ్ షాపుకు వెళ్లాను. థీసిస్‌కు నల్ల రెక్సిన్, బంగారు అక్షరాలు. శాంపిల్ చూపించాడు. ఎవరిదో పేరు, వెనక పీహెచ్‌డీ. వేలితో తడిమి చూశాను. అక్షరాలు కొంచెం లోపలికి దిగి ఉంటాయి.

ఇది రాయకూడదనుకున్నాను. రాశాను.

ఏప్రిల్ 28, ఆదివారం

మాసమ్మను చూడ్డానికి వెళ్లాను. మా గేటు నుంచి ఏడు నిమిషాలు నడక. నలభై ఏళ్లకు దగ్గర పడుతున్నాను, ఇదే వీధిలో పుట్టాను, ఆ సందులోకి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. లోపల దారి మలుపుల మీద మలుపులు. ప్రతి తలుపు మీద నల్ల రంగుతో నంబర్ ఉంది, అందరూ చాలా శుభ్రంగా రాయించుకున్నారు. 612 బై 31. 612 బై 32. మున్సిపాలిటీ గుమస్తా చేతిరాత కన్నా బాగుంది.

మాసమ్మ గడప మీద కూర్చుని ఉంది. చేయి తెల్లటి కట్టులో. పక్కింటి నర్సింహమ్మ ఆమె తల దువ్వుతోంది. ఏమక్కా, గిట్లొచ్చిన్రు అంది మాసమ్మ. అంట్ల గురించి వచ్చాననుకుంది. నా చెల్లెను పంపుత రేపటి సంది అంది.

చెప్పేశాను. నీళ్ల బండి చీటీలు కంప్యూటర్‌లో తయారు చేసింది మేమే అని, మీ నంబర్లలో బై తర్వాత ఉన్నది నేనే తీసేశానని, అందుకే బస్తీ అంతా ఒక ఇల్లయిందని. సులభంగా చెప్పాలని చాలా ప్రయత్నించాను. క్లాసులో చెప్పినట్టు చెప్పాను.

నర్సింహమ్మ దువ్వెన ఆపింది. తర్వాత మాసమ్మ అడిగింది, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది: గింత సదువు సదివిన్రు, బై సదవరాదా అక్కా మీకు?

నర్సింహమ్మ ఫక్కున నవ్వింది. మాసమ్మ నవ్వలేదు.

పదకొండేళ్లుగా క్లాసులో పిల్లల్ని, ఏడేళ్లుగా గైడ్‌ను, ఎనిమిది నెలలుగా ఫణీంద్రను చూసి నేను పెట్టే ముఖం ఒకటుంది. అది అవతలి వాళ్ల ముఖం మీద ఎలా ఉంటుందో ఇవాళ చూశాను. తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పాను. ఒక ముసలామె చేయి పట్టుకుని రోడ్డు దాకా తీసుకొచ్చింది.

ఏప్రిల్ 29

వీరరాఘవరావు ఆఫీసు. ఉదయం పదిన్నర.

ఆయన తల పట్టుకున్నాడు. నాలుగు ట్యాంకర్లు అటు కొసకు పోయి మూడు వారాలైందట. మళ్లీ అడగాలంటే ఊరికే అడగరాదు మేడమ్, తప్పు ఎవలదో కాయితం మీద రాసియ్యుండ్రి, లేకుంటే నా నెత్తి మీదికొస్తది అన్నాడు.

అక్కడే కూర్చుని రాశాను. తప్పు ప్రోగ్రామ్‌ది కాదు, పద్ధతిది కాదు, ఫణీంద్రది కాదు. ఇంటి నంబర్లలో గీత తర్వాతి భాగాన్ని అనవసరమనుకుని తొలగించినది నేను. 1511 ఇళ్లు. కింద పేరు, సంతకం. ఒక కాపీ జగన్నాథరావుకు పోస్టులో పంపాను. స్టాంపు అతికించి, పోస్టు డబ్బా దాకా పోయి రెండు సార్లు వెనక్కి తిరిగాను. ధైర్యంతో చేశానని ఎవరూ అనుకోనక్కర్లేదు.

మే 2

జగన్నాథరావు నన్ను పిలవలేదు. నా టేబుల్ మీద థీసిస్ డ్రాఫ్ట్ తిరిగి వచ్చింది. ఆయన ఎప్పుడూ ఎర్ర ఇంకుతో దిద్దుతాడు. ఈసారి ఒక్క మార్కు కూడా లేదు, సంతకమూ లేదు.

కాన్ఫరెన్స్ పేపర్ మాత్రం వెనక్కి తీసుకున్నాడట. ఫణీంద్ర చెప్పాడు. జగన్నాథరావు వచ్చే సెమినార్ చీమల మీద.

మే 6

బస్తీకి ఒక ట్యాంకర్ తిరిగి వచ్చింది. మిగతా మూడింటికి పైవాళ్లు అడ్డం పడుతున్నారట. ఈ బై నంబర్లలో నిజంగా మనుషులున్నరా, ఓట్ల కోసం రాయించుకున్న దొంగ నంబర్లా అని అడుగుతున్నారట. ఇంటింటికీ తిరిగి లెక్క తేవాలి. మా స్టాఫ్ మొత్తం ఎలక్షన్ డ్యూటీల ఉన్నది మేడమ్, ఏం జెయ్యమంటరు అన్నాడు వీరరాఘవరావు.

పైవాళ్లు మూర్ఖులు అని రాయబోయాను. ఫిబ్రవరిలో నేను అనుకున్నదీ ఇదే కదా. వాళ్లు కనీసం అడుగుతున్నారు.

నేను తిరుగుతాను అన్నాను. ఏడు బస్తీలు. మూడు ఫణీంద్ర తీసుకున్నాడు. అడగకముందే తీసుకున్నాడు.

నాన్నకు ఉత్తరం సంగతి తెలిసింది. నీ పేరు నువ్వే గిట్ల పాడుజేస్కుంటరానె అన్నాడు. ఆ తర్వాత అన్నం తింటూ, మెల్లగా, బై ఉన్నోళ్లకు సంపు ఉండదా అని అడిగాడు. నిజంగానే తెలియదు ఆయనకు. ఉండదు నాన్నా అన్నాను. మజ్జిగ పోసుకోకుండా లేచాడు.

మే 11

నాలుగు రోజులుగా తిరుగుతున్నాను. కాళ్లు బొబ్బలు. ఒక ఇంట్లో కుక్క వెంటపడింది. ఒక చోట నన్ను కుటుంబ నియంత్రణ వాళ్లనుకుని తలుపేసుకున్నారు. ఇంకో చోట ఓట్లయిపోయినయి గద, మళ్లెందుకొచ్చిన్రు అని అడిగారు. పార్టీ మనిషినట.

612 ఆఖరుకు ఉంచుకున్నాను. ఎందుకో నాకు తెలుసు.

మే 15, ఉదయం 7

1-1-612.

బై 1. బీరమ్మ. ఆరుగురు.

బై 2. తాళం. పక్కవాళ్లు నలుగురన్నారు. మళ్లీ రావాలి.

బై 3. బుగ్గమ్మ, ఒక్కతే. ఒక్కదానికి బండి ఎందుకు బిడ్డా అంది. రాసుకున్నాను.

బై 4. ఏడుగురు. బై 4 బై ఏ అని ఇంకొకటి వెనక ఉంది, రిజిస్టర్‌లో లేదు. ముగ్గురు.

బై 46. నర్సింహమ్మ. అయిదుగురు. నన్ను చూసి మళ్లీ నవ్వింది.

బై 47. మాసమ్మ, ఈరన్న. ఎంత మంది ఉంటారు అని అడిగాను. నువ్వే లెక్కవెట్టుకో అంది. అక్కా అనలేదు.

చెప్పులు విప్పి లోపలికి వెళ్లి లెక్కపెట్టాను. అయిదుగురు.